పందికొక్కులో పిల్లి, కృష్ణలో చీర

గుడివాడ దగ్గర పల్లె నుంచి ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. ఆరో తరగతి చదివే కొడుక్కి సెలవుల్లో చెయ్యమని బళ్ళో హోంవర్కు ఇచ్చారట. ఏడు ఇంగ్లీషు అక్షరాలిచ్చి, వాటిని అటూ ఇటూ మార్చి ఇరవై మాటలు రాసుకు రమ్మన్నారట. తొమ్మిది మాటల దగ్గర బాబు ఆగిపోతే ఈవిడ పక్కన కూచుని, "ఏదీ, నేనూ చూస్తా" అందిట. వాడు పుస్తకం దగ్గరికి లాక్కుని, "నీకు ఇంగ్లీషు రాదుగా అమ్మా, నాన్న వచ్చాక చేస్తాలే" అన్నాడట. "వాడు నన్ను తిట్టలేదక్కా, ఉన్నమాటే అన్నాడు. అయినా ఆ రాత్రి అన్నం సయించలేదు. నేను పది దాకా తెలుగు మీడియంలో చదివాను. ఇక వాడి చదువులో నాకు చోటు లేనట్టేనా?" అని అడిగింది.

ఈ ప్రశ్న ఆ ఒక్క ఆవిడది కాదు. బెజవాడ నుంచి బందరు దాకా ఎన్నో ఇళ్ళల్లో పిల్లలది ఇంగ్లీషు మీడియం, తల్లులది తెలుగు మీడియం. నేనూ ఇంటర్మీడియెట్ తెలుగులోనే చదువుకున్న దాన్ని. లెక్కలు, సైన్సుల సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం. ఈ అక్షరాల ఆట మటుకు తల్లి ధైర్యంగా వచ్చి కూచోదగ్గ చోటు. ఎందుకంటారా, ఇది ఇంగ్లీషు పరీక్ష కాదు, ఏరుకునే పని. చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరే చేతికి, కరెంటు పోయిన చీకట్లో కూడా ఆవాలు ఏ డబ్బాలో ఉన్నాయో తెలిసిన చేతికి ఇదేం కొత్త విద్య కాదు.

నమ్మకం కుదరకపోతే నైజల్ రిచర్డ్స్ సంగతి వినండి. ఆయనది న్యూజిలాండ్. అక్షరాల బిళ్ళలు అట్ట మీద గళ్ళల్లో పేర్చి మాటలు కట్టే ఆట స్క్రాబుల్ ఉంది చూశారూ, అందులో ప్రపంచ ఛాంపియన్. 2015లో ఆయన ఫ్రెంచి భాష స్క్రాబుల్ ప్రపంచ పోటీకి వెళ్ళి గెలిచి వచ్చాడు. వింత ఏమిటంటే ఆయనకి ఫ్రెంచి మాట్లాడటం రాదు! తొమ్మిది వారాల పాటు ఫ్రెంచి మాటల జాబితా ముందేసుకుని బుర్రకెక్కించుకున్నాడట. 2024లో స్పానిష్ భాష పోటీలో కూడా ఇలాగే గెలిచాడు. భాష రాకుండా ఆయన ప్రపంచ కప్పు తెచ్చుకోగా లేనిది, పదో తరగతి దాకా ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా చదివిన మనం ఆరో తరగతి హోంవర్కు ముందు బెదరాలా?

మరి మనకెందుకు తడబాటు వస్తుందంటే, మన తెలుగు చెవితో రాసే భాష. ఎలా పలుకుతామో అలా రాస్తాం. 'కి' అని రాశామంటే కకారమూ, గుడీ కలిసిపోయి ఒకే అక్షరం. చారులో కలిసిన ఉప్పుని మళ్ళీ తీయలేనట్టు, అందులోంచి ఇకారాన్ని తీసి పక్కన పెట్టలేం. అందుకే తెలుగులో అక్షరాలు తారుమారు చేస్తే మాటలు కొద్దిగానే దొరుకుతాయి. గడపని తారుమారు చేస్తే పడగ వస్తుంది. కలపని మారిస్తే పలక, నవలని మారిస్తే వలన. ఇంగ్లీషులో అలా కాదు. అచ్చులు ఐదూ హల్లులకి అంటుకోకుండా పొడి పొడి అన్నం మెతుకుల్లా విడిగా ఉంటాయి. ఏ మెతుకునైనా తీసి ఎక్కడైనా పెట్టచ్చు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 'నైఫ్' అని వింటే మన చెవి ఎన్ అక్షరంతో మొదలెట్టమంటుంది. ముందు పలకని కె ఒకటి కూచుని ఉంటుంది. 'లైట్' అని వింటే మధ్యలో జి, హెచ్ రెండూ నోరు మూసుకుని ఉంటాయి. చెవిని నమ్ముకుని వెతికితే ఇలాంటి మాటలు తట్టవు. కాబట్టి మొదటి సూత్రం, ఈ ఆటలో నోరు కట్టేసి కన్ను తెరవాలి. శబ్దం కాదు, అక్షరం చూడాలి.

ఎలా చూడాలో మా ఇంట్లో జరిగిన దానితో చెప్తాను. మా అమ్మాయి ఒకరోజు బడి నుంచి ఏడక్షరాలు తెచ్చింది. కె, ఐ, టి, సి, హెచ్, ఇ, ఎన్. వరసగా చదివితే కిచెన్, అంటే మన వంటిల్లే. ఏడక్షరాలూ వాడి ఇంకో పెద్ద మాట చెయ్యాలట. అది "చికెన్" అంది. చికెన్‌లో సి రెండుసార్లు రావాలి, మనకున్నది ఒక్కటే. కుదరదు. అప్పుడు ఇద్దరం కూచుని అక్షరాల్ని వరసలోంచి తీసేసి, ముగ్గు చుక్కల్లా గుండ్రంగా కాగితమ్మీద పెట్టాం. టి పక్కన హెచ్ చాలాసార్లు జంటగా వస్తుంది, ఆ రెంటినీ కలిపాం. సి పక్కన కె కూడా అంతే, ఆ జంట కలిపాం. ఇ, ఎన్ మాట చివర తోకలా వస్తుంటాయి, వాటిని చివర పెట్టాం. మిగిలింది ఒక్క ఐ. దాన్ని మధ్యలో పెట్టేసరికి టి-హెచ్-ఐ-సి-కె-ఇ-ఎన్ అయింది. థికెన్! చిక్కబడటం అని అర్థం. అమ్మాయికి ఆ మాట కొత్త. నాకు కాదు. కస్టర్డ్ పొడి డబ్బా వెనకాల చిక్కబడేదాకా కలపమని రాసేటప్పుడు వాడే మాట అదే. వంటింట్లోనే చిక్కదనం దాగుంది చూడండి!

ఇక్కడ ఒకమాట. "నాకు ఇంగ్లీషు రాదు" అనే ముందు ఒకసారి మీ వంటింటి అలమర తెరిచి చూడండి. మసాలా ప్యాకెట్టు, సబ్బు పొడి, మందుల అట్ట, గ్యాసు పుస్తకం, కుక్కరు తాలూకు కాగితం. వాటి మీద ఎన్ని ఇంగ్లీషు మాటలు రోజూ చదివి అర్థం చేసుకుంటున్నారో లెక్కెయ్యండి. రావనుకున్న మాటలు వందకి తక్కువుండవు. అవన్నీ ఈ ఆటకి మన పెట్టుబడి.

ఇప్పుడు పద్ధతి వరసగా రాస్తాను, కత్తిరించి దాచుకోండి.

1. ముందు అచ్చులు వేరు చెయ్యండి. ఏ, ఇ, ఐ, ఓ, యు. ఇవి ఎన్నున్నాయో చూసుకుంటే ఎంత పొడుగు మాట వస్తుందో అంచనా తెలుస్తుంది. అచ్చులేవీ లేకపోతే వై ఉందేమో చూడండి, అది అచ్చు పని కూడా చేస్తుంది. స్కై, ఫ్లై, డ్రై లాంటి మాటల్లో ఉన్నది అదే.

2. జంటలు కట్టండి. టి-హెచ్, ఎస్-హెచ్, సి-హెచ్, సి-కె, ఎస్-టి, టి-ఆర్. క్యు కనపడితే యు కోసం చూడండి, ఆ రెండూ దాదాపు ఎప్పుడూ కలిసే తిరుగుతాయి.

3. తోకలు వెతకండి. చివర ఎస్ పెడితే చాలా మాటలు ఒకటి రెండవుతాయి. ఇ-డి, ఇ-ఆర్, ఐ-ఎన్-జి, ఎల్-వై ఉంటే వాటిని పక్కకి తీసి, మిగిలిన వాటితో చిన్న మాట కట్టి, తోక తగిలించండి.

4. తలలు చూడండి. ఆర్-ఇ, యు-ఎన్, ఐ-ఎన్ లాంటివి మాట ముందు వస్తాయి.

5. అక్షరాల్ని వరసలో ఉంచకండి. వరసలో ఉంటే కన్ను ఆ వరసకే అలవాటు పడిపోతుంది. గుండ్రంగా పెట్టండి, నిమిషానికోసారి చోట్లు మార్చండి.

6. చిన్న మాటతో మొదలెట్టి ఒక్కో అక్షరం కలుపుతూ పోండి.

ఈ ఆరోది అన్నిటికన్నా తేలిక. చూడండి, టి, ఇ, ఏ మూడక్షరాలు తీసుకుందాం. టీ అయింది. అవే తిప్పితే ఈట్, అంటే తినటం. మళ్ళీ తిప్పితే ఏట్, తిన్నారు. వీటికి ఎస్ కలిపితే సీట్, అంటే కూచునే చోటు. తిప్పితే ఈస్ట్, తూర్పు. ఇప్పుడు ఆర్ కలపండి. టియర్స్ కన్నీళ్ళు, రేట్స్ ధరలు. కూరగాయల బజారుకెళ్తే ఈ రెండూ ఒకచోటే ఉంటాయి, అక్షరాలు కూడా అవేనన్నమాట! స్టేర్ కూడా వస్తుంది, గుడ్లప్పగించి చూడటం. పి కలపండి. రిపాస్ట్, భోజనం అని అర్థం. ఇక ఐ కూడా కలిపితే ఏడక్షరాలయ్యాయి. పార్టీస్, విందులు. అవే అక్షరాలతో పైరేట్స్, సముద్రపు దొంగలు. టీ నీళ్ళతో మొదలెట్టి విందు దాకా వచ్చాం. స్క్రాబుల్‌లో ఇలా చేతిలో ఉన్న ఏడు బిళ్ళలూ ఒక్కసారే వాడితే 50 పాయింట్లు అదనంగా ఇస్తారు.

మన మాటలతో ఆడితే పిల్లలకి ఇంకా సరదా. కృష్ణ అని ఇంగ్లీషులో రాయండి. కె, ఆర్, ఐ, ఎస్, హెచ్, ఎన్, ఏ. ఇందులో రైన్ ఉంది, వాన. ఎయిర్, హెయిర్, స్కిన్, రిస్క్, షార్క్ ఉన్నాయి. అన్నిటికన్నా ముచ్చట, ఎస్-ఏ-ఆర్-ఐ, సారీ ఉంది. అదే మన చీర. చివర రెండు ఇ లు పెట్టి కూడా రాస్తారు గానీ డిక్షనరీలో ఈ స్పెల్లింగు కూడా ఉంది. నిండు సభలో ద్రౌపదికి కృష్ణుడిచ్చిన చీర ఆయన పేరులోనే ఉందని చెబితే మా అత్తయ్యగారు ఎంత మురిసిపోయారో! అదే పేరులో ష్రింక్ కూడా ఉంది, కుంచించుకుపోవటం. కొత్త నూలు చీర మొదటి ఉతుకుతో చేసే పని. డెల్టా అని రాస్తే డి, ఇ, ఎల్, టి, ఏ. డేట్, లేట్, డీల్, లీడ్, టేల్ వస్తాయి. విజయవాడ అని రాస్తే మటుకు నాలుగు ఏ లు వచ్చి, కలవని వి, జె, డబ్ల్యు చేరి చుక్కలు చూపిస్తాయి. అయినా డే, వే, జా, అవే దొరుకుతాయి.

ఇంకో మాట చెప్తే పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. మన చేలల్లో వరి కొట్టేసే పందికొక్కు ఉంది కదా, దాని పేరే ఇంగ్లీషువాళ్ళు నోరు తిరక్క బాండికూట్ చేసుకున్నారు. అది తెలుగు నుంచే వెళ్ళిందని ఇంగ్లీషు డిక్షనరీలే చెబుతాయి. బి, ఏ, ఎన్, డి, ఐ, సి, ఓ, ఓ, టి. తొమ్మిదక్షరాలు. వెతకండి. బోట్, కాయిన్, బూట్, బ్యాండ్, యాసిడ్, యాక్షన్ వస్తాయి. సి-ఏ-టి, క్యాట్ కూడా వస్తుంది. పందికొక్కు కడుపులోనే పిల్లి కూచుంది! "నీకు ఇంగ్లీషు రాదుగా" అన్న పిల్లవాడికి, ఇంగ్లీషుకే మన వాళ్ళు ఒక మాట అప్పిచ్చారని ఇలా తెలియజెప్పండి.

ఈ ఆటకి బిళ్ళలు కొనక్కర్లేదు. ఇంట్లో పాత శుభలేఖలు కట్టలు కట్టలు పడి ఉంటాయి. దళసరి అట్ట తీసుకుని అంగుళం చదరాలుగా వంద ముక్కలు కత్తిరించండి. ఏ అక్షరం ఎన్ని రాయాలన్నదే అసలు కిటుకు. అమెరికాలో ఆల్ఫ్రెడ్ బట్స్ అనే ఇళ్ళ ప్లాన్లు గీసే ఆయన 1930ల మాంద్యంలో పనిపోయి ఇంట్లో కూచుని, పేపర్లు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టాడు. ఆ లెక్కే స్క్రాబుల్‌కి పునాది. 1948లో జేమ్స్ బ్రూనో అనే ఆయన దానికి ఆ పేరు పెట్టి తయారు చేయించాడు. లెక్క ఇది. ఇ 12, ఏ 9, ఐ 9, ఓ 8. ఎన్, ఆర్, టి ఒక్కోటి 6. ఎల్, ఎస్, యు, డి ఒక్కోటి 4. జి 3. బి, సి, ఎమ్, పి, ఎఫ్, హెచ్, వి, డబ్ల్యు, వై ఒక్కోటి 2. కె, జె, ఎక్స్, క్యు, జెడ్ ఒక్కోటే. రెండు ముక్కలు ఖాళీగా వదిలెయ్యండి, అవి ఏ అక్షరంగానైనా వాడుకోవచ్చు. మొత్తం 100.

ముక్కలు బోర్లించి, ఒక్కొక్కరు ఏడేసి తీసుకోండి. గడియారం చూసి ఐదు నిమిషాలు. ఎవరి కాగితం మీద వాళ్ళు మాటలు రాయాలి. ఇద్దరికీ వచ్చిన మాట కొట్టెయ్యాలి, ఒక్కరికే వచ్చిన మాటకి అక్షరానికో మార్కు. మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు లెక్కలోకి రావు. ఒక డిక్షనరీ ముందే ఒప్పుకుని పక్కన పెట్టుకోండి. లేకపోతే ఆట కాస్తా తగువవుతుంది. ఇంట్లో శంకరనారాయణ గారి ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఉంటే అంతకన్నా ఏం కావాలి. లేనివాళ్ళు బెజవాడ వచ్చినప్పుడు లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపులు చూడండి, డిక్షనరీ తక్కువ ధరకే దొరుకుతుంది.

"ఫోన్లో అక్షరాలు కొడితే మాటలన్నీ అదే చెప్పేస్తుంది కదా" అంటారు పిల్లలు. నిజమే, చెప్తుంది. పక్కింటావిడ పులిహోర తెచ్చిస్తే మనకి పులిహోర వచ్చినట్టా? ఐదు నిమిషాలు అయ్యాక, వదిలేసిన మాటలేవో చూసుకోవటానికి ఫోను తియ్యండి. ముందు తియ్యనివ్వకండి. ఇంగ్లండు టీవీలో 1982 నుంచి కౌంట్‌డౌన్ అనే కార్యక్రమం వస్తోంది. తొమ్మిది అక్షరాలిచ్చి 30 సెకన్లలో అన్నిటికన్నా పొడుగు మాట చెప్పమంటారు. అన్నేళ్ళుగా జనం చూస్తున్నది జవాబు కోసం కాదు, ఆ వెతుకులాట కోసం.

అయితే తల్లులకి ఒక హెచ్చరిక కూడా చెయ్యాలి. ఈ ఆట వచ్చినంత మాత్రాన ఇంగ్లీషు వచ్చినట్టు కాదు. రిచర్డ్స్ గారికి ఫ్రెంచి రానట్టే. అందుకని కట్టిన ప్రతి మాటకీ "దీనికి అర్థం ఏమిటి నాన్నా?" అని అడగండి. తెలియకపోతే ఇద్దరూ కలిసి డిక్షనరీ చూడండి. అమెరికాలో ఏటా జరిగే జాతీయ స్పెల్లింగు పోటీ, స్క్రిప్స్ స్పెల్లింగ్ బీ, మన తెలుగు కుటుంబాల పిల్లలు ఎన్నోసార్లు గెలిచారు. 2012లో స్నిగ్ధ నందిపాటి, 2013లో అరవింద్ మహంకాళి, 2024లో పన్నెండేళ్ళ బృహత్ సోమ. బృహత్ అయితే చివరి రౌండులో 90 సెకన్లలో 29 మాటలు సరిగ్గా చెప్పాడు. ఆ పోటీలో పిల్లలు స్పెల్లింగు చెప్పే ముందు, ఆ మాటకి అర్థం ఏమిటి, అది ఏ భాషలోంచి వచ్చింది అని అడుగుతారు. బట్టీ ఒక్కటే అయితే అడిగే పనే లేదు. అర్థం తెలిసిన మాట నిలుస్తుంది, తెలియనిది వారం తిరక్కుండా ఎగిరిపోతుంది. ఆ అర్థం తెలుగులో విడమరిచి చెప్పటానికి ఇంట్లో మనకన్నా తగినవాళ్ళెవరు? థికెన్ అంటే పాయసం గరిటెకి అంటుకోవటం అని అమ్మ చెబితే వాడు జన్మలో మర్చిపోడు. చెల్లెమ్మా, వాడి చదువులో మీ చోటు అక్కడే ఉంది. ఎవరూ తీసేసుకోలేదు.

ఇంకోటి. ఆడేటప్పుడు కావాలని ఓడిపోకండి. పసిపిల్లలతో సరే గానీ, పదేళ్ళు దాటిన పిల్లలకి తెలిసిపోతుంది. గెలిస్తే గెలిచానని చెప్పండి. అమ్మ గెలవటం చూసిన పిల్లలు అమ్మని అడగటం నేర్చుకుంటారు.

రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో పిల్లల్ని ఎండలోకి పంపలేక సతమతమయ్యే మధ్యాహ్నాలకి ఇంతకన్నా చల్లని కాలక్షేపం లేదు. ఇక ఈ వారం మీకో లెక్క ఇస్తున్నాను. అక్షరాలు ఐదు. ఏ, ఇ, ఎల్, పి, టి. ఐదూ వాడి మూడు మాటలు కట్టండి. ఒకటి వంటింట్లో ఉంటుంది, ఒకటి పూలబుట్టలో ఉంటుంది, ఒకటి మీరు కట్టుకున్న చీరలోనే ఉంది. పి తో మొదలెట్టమని ఒక చిన్న సాయం. అన్నట్టు, పప్పు పొయ్యి మీద పెట్టి మరీ వెతకటం మొదలెట్టకండి, మాడిపోతుంది.

జవాబు: పి-ఎల్-ఏ-టి-ఇ, ప్లేట్, పళ్ళెం. పి-ఇ-టి-ఏ-ఎల్, పెటల్, పూరేకు. పి-ఎల్-ఇ-ఏ-టి, ప్లీట్, కుచ్చెళ్ళ మడత. ఎల్ తో మొదలయ్యే నాలుగోది కూడా ఒకటుంది. అది వచ్చే వారం దాకా మీకూ మీ పిల్లలకీ వదిలేస్తున్నాను.